ఘోర ప్రమాదానికి వెళ్లొచ్చిన సహాయక సిబ్బంది అందరికీ కౌన్సెలింగ్ తప్పనిసరి చేయాలా?

నిచ్చెన:
చేయాలి. 19 ఏళ్లు అగ్నిమాపక సిబ్బందిలో పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను. ఇష్టమైతే రండి అంటే మగవాడు రాడు. నేనూ వెళ్లలేదు. నీళ్ల తొట్టిలో పడిన పసివాణ్ణి బయటికి తీసిన రోజు నుంచి ఇంట్లో బకెట్లన్నీ బోర్లించడం మొదలుపెట్టాను. అర్ధరాత్రి లేచి మళ్లీ చూసుకునేవాణ్ణి. నా భార్య స్నానానికి పట్టుకున్న నీళ్లు కూడా పారబోశాను. ఎవరడిగినా "బాగానే ఉన్నాను" అన్నాను. పైనుంచి ఆదేశం వచ్చి ఉంటే మాత్రం వెళ్లేవాణ్ణి. ఆదేశం పాటించడం మాకు కొత్త కాదు కదా.

శ్రోత:
నిచ్చెన గారూ, మీ బాధ కాదనను. మానసిక వైద్య విభాగంలో నర్సుగా ఇలాంటి వారిని చూస్తూనే ఉన్నాను. మగవాళ్లు దిగులుగా ఉందని చెప్పరు, కోపంతోనో తాగుడుతోనో వస్తారు. అయినా బలవంతంగా మాట్లాడించడం వద్దంటాను. ఆ పని ఇదివరకే చేసి చూశారు. 1983లో అమెరికాలో జెఫ్రీ మిచెల్ ఒక పద్ధతి తెచ్చారు. ఘటన జరిగిన కొద్ది రోజుల్లోనే సిబ్బందిని కూర్చోబెట్టి, చూసిందంతా వరుసగా చెప్పించడం. ఆయన కూడా మీ వృత్తి నుంచి వచ్చినవారే. అయితే బాధితులతో ఒక్క విడత జరిపే అలాంటి సంభాషణ, ఘోర అనుభవం తర్వాత మిగిలిపోయే మానసిక రుగ్మత అయిన పీటీఎస్‌డీని ఆపలేదని అధ్యయనాలను కలిపి బేరీజు వేసిన 2002 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. ఒక అధ్యయనంలోనైతే ఆ ముప్పు పెరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2013లో వద్దనే చెప్పింది. పచ్చిపుండును అందరి ముందూ కెలకకూడదు.

నిచ్చెన:
ఆ అధ్యయనంలో ఉన్నది కాలిన గాయాలతో ఆసుపత్రిలో పడుకున్న రోగులు. వారిని, ఏళ్ల తరబడి కలిసి పనిచేసిన బృందాన్ని ఒకే గాటన కట్టడం న్యాయమా?

శ్రోత:
అది సబబైన ప్రశ్నే. బృందాల విషయంలో ఆధారాలు అంత గట్టిగా లేవు. అందుకే తొందరపడి తప్పనిసరి చేయవద్దంటున్నాను.

రాత్రి షిఫ్టు:
అత్యవసర ఫోన్లు తీసుకునే ఉద్యోగం నాది. మంటలు చూడను, వింటాను. లైను తెగిపోయాక అవతల ఏమైందో చాలాసార్లు తెలియదు. ఉద్యోగరీత్యా దారుణమైన వివరాలకు పదే పదే గురికావడం కూడా పీటీఎస్‌డీకి దారితీయవచ్చని 2013లో వచ్చిన అమెరికా మానసిక వైద్యుల రోగనిర్ధారణ గ్రంథం డీఎస్‌ఎం-5 గుర్తించింది. కానీ మీరిద్దరూ అసలు సంగతి వదిలేశారు. మా భయం మాట్లాడటానికి కాదు, కాగితానికి. వెళ్లినట్టు ఫైలులో ఒక్క ముక్క పడితే పదోన్నతి పోతుందేమో, డ్యూటీ మారుస్తారేమో అనే లెక్కలు వేసుకుంటాం. ఆ కాగితం ఎవరి చేతికి వెళ్తుందో తేల్చకుండా తప్పనిసరి చేస్తే, అందరూ వెళ్లి "బాగానే ఉన్నాను" అని చెప్పి వస్తారు.

నిచ్చెన:
నిజమే, నేనూ అదే చెప్పేవాణ్ణి. అయితే నా మాట కొంచెం మార్చుకుంటాను. ఘటన జరిగిన మర్నాడే వద్దు, నోరు విప్పి తీరాలనీ వద్దు. ఏడాదికి రెండుసార్లు, ఏమీ జరగకపోయినా సరే, అందరూ ఒక గంట వెళ్లి కూర్చోవాలి. కౌన్సెలింగ్ చేసే మనిషి మా శాఖకు సంబంధం లేనివారై ఉండాలి. అందరూ వెళ్తుంటే ఎవరికి అవసరమో బయటికి తెలియదు.

శ్రోత:
దీనికి నాకు అభ్యంతరం లేదు. అంతకంటే ముందు నిద్ర సంగతి చూడండి. వరుస రాత్రి డ్యూటీలు తగ్గించకుండా గంట కౌన్సెలింగ్ ఇస్తే ఎంతవరకు నిలుస్తుంది?

రాత్రి షిఫ్టు:
మా పై అధికారి మొదట వెళ్లి రమ్మనండి. ఆయన వెళ్లిన మర్నాడే నేనూ వెళ్తాను.