అప్‌డేట్: 2 అంగుళాల లిఫ్ట్ తర్వాత షాక్ అబ్జార్బర్లు మార్చాలా? మార్చవలసి వచ్చింది

నా మారుతి జిప్సీకి 2 అంగుళాలు ఎత్తు పెంచే (లిఫ్ట్) లీఫ్ స్ప్రింగులు, అంటే పట్టీల స్ప్రింగులు, వేయించిన తర్వాత పాత షాక్ అబ్జార్బర్లనే ఉంచవచ్చునా అని, మారేడుమిల్లి దారిలో గుంత దాటిన ప్రతిసారీ వెనుక నుంచి వినిపించే శబ్దానికి కారణమేమిటని అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ఛాసిస్‌ను (బండి చట్రాన్ని) జాకీలతో లేపి, చక్రాలు వేలాడుతుండగా చూడమన్న సలహాయే దారి చూపింది. స్ప్రింగు ఇంకా కిందికి దిగగలిగే స్థితిలో ఉండగానే షాక్ చివరంటా సాగిపోయి, ఇరుసు బరువు దాని మీద పడుతోందని, ఆ గుంజుడుకే వెనుక షాకుల కింది రబ్బరు బుష్షులు చిరిగిపోయాయని మెకానిక్ చూపించారు. షాకుల్లో నూనె కారలేదు, పట్టు కూడా తగ్గలేదు. పొడవు మాత్రమే చాలలేదు. నేను అనుమానించిన టైర్ల గాలికి, అలైన్‌మెంట్‌కు దీనితో సంబంధం లేదు.

నాలుగూ పొడవైనవి వేయించాను. అయితే ఒక జాగ్రత్త తప్పనిసరి: పొడవైన షాక్ ముడుచుకున్నప్పుడు కూడా పాతదానికన్నా పొడవుగానే ఉంటుంది కనుక, బంప్ స్టాప్‌ను (ఇరుసు మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మను) తగినంత కిందికి దించకపోతే పెద్ద కుదుపులో షాకే ముందుగా పూర్తిగా ముడుచుకుపోయి దెబ్బతింటుంది. అందుకే ఛాసిస్‌కు, బంప్ స్టాప్‌లకు మధ్య స్పేసర్లు (ఎడం పెంచే దిమ్మలు) పెట్టించాను. చక్రాలు వేలాడినప్పుడు ముందు బ్రేకు గొట్టాలు బిగుసుకుంటున్నట్టు కనిపించడంతో, ప్రాణాలకు సంబంధించిన విషయం కాబట్టి, వాటినీ పొడవైనవాటితో మార్పించాను.

మూడు వారాలుగా శబ్దం లేదు. మలుపుల్లో బండి మునుపటికన్నా కొంచెం ఎక్కువగా ఒరుగుతోంది. అది పెరిగిన ఎత్తు వల్ల వచ్చినది, షాకులతో పోయేది కాదు.