అద్దాలు బాగుంటే చాలా, తల తిప్పి చూడాల్సిందేనా? బైక్ మీద వెనక చూపు గురించి చర్చ

రెండుచక్రాలు

అందరికీ నమస్కారం. నా బైక్‌తో వచ్చిన అద్దాల్లో సగం నా మోచేతులే కనిపిస్తాయి. మిగతా సగంలో, వేగం కాస్త పెరగ్గానే, వెనకున్నది కారో లారీయో తెలియనంత వణుకు. హ్యాండిల్ చివర బిగించే బార్ ఎండ్ అద్దాలు వేయిద్దామని ఉంది. ఒక మిత్రుడేమో "అద్దాలు ఎన్ని మార్చినా లేన్ మారేముందు తల తిప్పి చూడాల్సిందే, డబ్బు దండగ" అంటాడు. ఇంకొకాయన "తల తిప్పితే ముందున్న బండిని గుద్దుతావు, మంచి అద్దాలుంటే ఆ అవసరమే రాదు" అంటాడు. ఇద్దరూ ఏళ్ల తరబడి నడుపుతున్నవాళ్లే. మీరేమంటారు?

నట్టుబోల్టు

కొనేముందు ఉన్నవాటిని సరిగ్గా సర్దుకున్నారా? చాలామంది సైడ్ స్టాండ్ వేసి, పక్కన నిలబడి అద్దం తిప్పేస్తారు. చదునైన చోట బండి నిటారుగా ఉండాలి. నడిపేటప్పుడు ఎలా కూర్చుంటారో అలాగే, అదే జాకెట్, అదే హెల్మెట్‌తో కూర్చోవాలి. బండిని ఇంకొకరు పట్టుకుంటే మేలు. అద్దం లోపలి అంచులో మీ భుజమో మోచెయ్యో పిసరంత కనపడితే చాలు. అది కూడా, మిగతా దృశ్యం మీకు ఎంత పక్కగా ఉందో కంటికి అంచనా దొరకడానికే. రోడ్డూ ఆకాశమూ కలిసే గీత మధ్యకంటే కాస్త పైన ఉండాలి. ఆకాశంలోంచి మనల్ని గుద్దే బండ్లేవీ రావు కదా.

ఇంత చేసినా మోచేతులు అడ్డొస్తే, అద్దం కాడను పైకో బయటికో జరిపే ఎక్స్‌టెండర్లు ఉన్నాయి. రెండు మూడు సెంటీమీటర్లు బయటికి జరిగినా తేడా తెలుస్తుంది.

వణుకు సంగతి వేరు. 4000 ఆర్‌పీఎం అంటే ఇంజన్ సెకనుకు దాదాపు 67 సార్లు తిరుగుతున్నట్టు. అద్దం కాడ సహజంగా ఊగే వేగం దానికి దగ్గరైతే ఇక బొమ్మ నిలవదు. అద్దం ఒక్క డిగ్రీ ఊగితే అందులో దృశ్యం రెండు డిగ్రీలు ఊగుతుంది. 30 మీటర్ల వెనకున్న బండి దగ్గర అది మీటరు కదలిక! కాడకి బరువు కడితే వణుకు పోతుందని కొందరు చెబుతారు. పోదు, ఇంకా తక్కువ ఆర్‌పీఎం దగ్గరికి జరుగుతుంది. మీరు ఎక్కువసేపు నడిపే వేగం నుంచి దాన్ని తప్పించగలిగితే చాలు. ముందు లాక్ నట్టూ (కాడని కదలకుండా పట్టే నట్టు), బాల్ జాయింటూ (కాడ మీద అద్దం తిరిగే గుండ్రటి కీలు), హ్యాండిల్ బిగింపులూ వదులయ్యాయేమో చూడండి. సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

చైన్‌లూబ్

తల తిప్పడం మీద ఇంత భక్తి ఎందుకో నాకు అర్థం కాదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 14 మీటర్లు పోతాం. తల వెనక్కి తిప్పి, చూసి, మళ్లీ ముందుకు తెచ్చేసరికి ఒక సెకను. ఆ 14 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. ముందు బండి బ్రేక్ వేసేది సరిగ్గా అప్పుడే. పైగా కొత్తగా నేర్చుకున్నవాళ్లు తల తిప్పితే భుజం తిరుగుతుంది, భుజంతో హ్యాండిల్ తిరుగుతుంది, బండి అటే జరుగుతుంది.

రెండు వెడల్పాటి అద్దాలు బయటికి పెట్టుకుని, ప్రతి కొన్ని సెకన్లకీ వాటిని చూస్తూ ఉంటే వెనక ఎవరు వస్తున్నారో, ఎవరు మాయమయ్యారో లెక్క ఉంటుంది. ఇందాక అద్దంలో ఉన్న కారు ఇప్పుడు అద్దంలోనూ లేదు, నన్ను దాటి ముందుకూ రాలేదు అంటే ఎక్కడుంది? నా పక్కనే. దానికి తల తిప్పడం ఎందుకు?

బార్ ఎండ్ వేయించండి బ్రో. ఒంటికి దూరంగా ఉంటాయి కాబట్టి మోచేతుల గొడవే ఉండదు.

హెల్మెట్‌తల

చైన్‌లూబ్ గారు ఆ లెక్క తప్పకుండా పెట్టుకోగలిగితే సంతోషం. కానీ ఆ లెక్కలోకే రాని బండి ఉంటుంది: పక్క రోడ్డులోంచి అప్పుడే కలిసింది, లేదా రెండు లేన్ల అవతల నుంచి మీరు వెళ్దామనుకుంటున్న లేన్‌లోకే జరుగుతోంది. దాన్ని మీ అద్దం ఎప్పుడూ చూపించలేదు, కాబట్టి మాయమైనట్టు కూడా మీకు తెలియదు.

ఇంకోటి. బైక్ అద్దాలు చాలావరకు కాన్వెక్స్, అంటే బయటికి ఉబ్బినవి. ఐక్యరాజ్యసమితి రెగ్యులేషన్ 81 ప్రకారం వాటి వంపు వ్యాసార్ధం 1000 నుంచి 1500 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. మధ్యలో 1200 తీసుకుని, కంటికీ అద్దానికీ 65 సెంటీమీటర్లు అనుకుని లెక్క కట్టండి. వెనక బండి, చదును అద్దంలో కనపడేదాంట్లో దాదాపు సగం సైజులో కనిపిస్తుంది. 20 మీటర్ల దూరంలో ఉన్నది 40 మీటర్ల దూరంలో ఉన్నట్టు అనిపిస్తుంది. అది మీకంటే గంటకు 36 కిలోమీటర్ల వేగం ఎక్కువతో వస్తోందంటే సెకనుకు 10 మీటర్లు దగ్గరవుతోంది. మీరు నాలుగు సెకన్లు ఉన్నాయనుకుంటారు, ఉన్నవి రెండు. వెడల్పు కోసం దూరం అంచనాని వదులుకున్నాం, ఉబ్బు అద్దంతో బేరమే అది. చదును అద్దం దూరం నిజం చెబుతుంది, కానీ ఇరుకు. అందుకే అమెరికా నిబంధనలు బైక్ అద్దం చదునుదైతే కనీసం 12.5 చదరపు అంగుళాలు అడుగుతాయి, కాన్వెక్స్ అయితే 10 సరిపెట్టుకుంటాయి.

ఇక తల తిప్పడం అంటే వెనక చక్రం వైపు చూడటం కాదు. గడ్డం భుజం వైపు 45 డిగ్రీలు తిరిగితే చాలు. హెల్మెట్ ప్రమాణాలు ముఖం మధ్యగీత నుంచి ఒక్కో పక్కకు కనీసం 105 డిగ్రీలు తెరిచి ఉంచమంటాయి. 45 కలిపితే 150. అద్దం వదిలేసే ప్రాంతం దాదాపుగా అందులోకి వచ్చేస్తుంది, కంటికొసలో ముందు బండి బ్రేక్ లైటు కూడా మిగిలే ఉంటుంది. ఒక సెకను అక్కర్లేదు. హ్యాండిల్ తిరిగిపోతోందంటే చేతులు బిగబట్టి నడుపుతున్నారని అర్థం, మోకాళ్లతో ట్యాంకుని పట్టుకుని మోచేతులు వదులు చేస్తే ఆ గొడవ ఉండదు.

చైన్‌లూబ్

> ఒక సెకను అక్కర్లేదు

సాఫీగా పోయే పెద్ద రోడ్డు మీద నిజమే. బండికీ బండికీ మధ్య మూడు మీటర్లు లేని ట్రాఫిక్‌లో? రెండు పక్కల నుంచీ స్కూటర్లు దూరుతుంటాయి. ముందు గుంత వస్తుంది, పక్కకు జరగాలి. అప్పుడు గడ్డం 45 డిగ్రీలు తిప్పే తీరిక ఎవరికుంది? అద్దంలో ముందే చూసి పెట్టుకున్నదే పనికొచ్చేది.

హెల్మెట్‌తల

గుంత విషయంలో ఒప్పుకుంటున్నా. అంత ఇరుకులో అద్దాల్ని విడవకుండా చూడటమే దారి. కానీ మీరు చెప్పేది తప్పించుకోవడం, నేను చెప్పేది లేన్ మారడం. లేన్ మారడం మన ఇష్టంతో చేసే పని. ముందు ఖాళీ లేకపోతే ఖాళీ వచ్చేదాకా ఆగొచ్చు. ముందు బండికి అంత దగ్గరగా ఉండి లేన్ మారితే అద్దం చూసినా అంతే ప్రమాదం, చూపు అప్పుడూ ముందు లేదు.

దూరప్రయాణి

ఈ గొడవంతా ఎందుకు, వెనక కెమెరా పెట్టేయండి. నేను దూరాలు వెళ్లేటప్పుడు వెనక సీటు మీద మూట ఉంటుంది, లేదా మా ఆవిడ ఉంటుంది. రెండు అద్దాలూ పక్కల్నే చూపిస్తాయి, నేరుగా వెనక ఏముందో తెలియదు. నంబర్ ప్లేటు దగ్గర చిన్న కెమెరా, హ్యాండిల్ మీద తెర. మోచేతులు లేవు, వణుకు లేదు, రికార్డు కూడా అవుతుంది. అద్దంలో అయితే కన్ను దూరానికే ఫోకస్ అయి ఉంటుంది కాబట్టి తెర కంటే అద్దం మేలని ఒకాయన వాదించాడు. నాకైతే తేడా ఏమీ తెలియలేదు.

హెల్మెట్‌తల

మీకు తెలియకపోవడంలో వింత లేదు. ఆయన చెప్పింది చదును అద్దానికి వర్తిస్తుంది. కాన్వెక్స్ అద్దంలో ఎంత దూరపు బొమ్మ అయినా అద్దం వెనక, వంపు వ్యాసార్ధంలో సగం లోపే ఏర్పడుతుంది. 1200 మిల్లీమీటర్ల వంపు అయితే 60 సెంటీమీటర్లు. అంటే కంటికి మొత్తం సవా మీటరు. తెర 65 సెంటీమీటర్ల దగ్గర. నలభై దాటి దగ్గరి చూపు తగ్గినవాళ్లకి తెర కష్టం కావచ్చు, మిగతావాళ్లకి ఫోకస్ పెద్ద సమస్య కాదు.

అసలు సమస్య ఇంకోటి. వెనక చక్రం ఎగజిమ్మే బురద సరిగ్గా నంబర్ ప్లేటు మీదే పడుతుంది. వానలో ఆ లెన్స్ ఎంతసేపు బతుకుతుంది? రాత్రి వెనక హెడ్‌లైట్లు నేరుగా అందులో పడితే తెరంతా తెల్లబడుతుంది. ఎండలో తెరే కనపడదు. పైగా మరీ వెడల్పు లెన్స్ అయితే అది కూడా బండ్లని దూరంగానే చూపిస్తుంది. మూటలున్నప్పుడు అదనంగా పెట్టుకోండి, మంచిదే. అద్దాలు తీసేయడానికి మాత్రం కాదు.

మెడపట్టీ

మీరంతా తల ఎలా తిప్పాలో మాట్లాడుకుంటున్నారు. మెడ అరుగుదల ఉన్న నాలాంటివాళ్ల సంగతి ఏమిటి? నాకు ఒక పక్కకి 45 కాదు కదా 20 డిగ్రీలు కూడా తిరగదు. బండి మానేయమని సలహా ఇచ్చే ముందు ఆగండి, అది నా డాక్టరూ నేనూ చూసుకుంటాం.

నేను చేసింది ఇది: హ్యాండిల్ కాస్త ఎత్తుది వేయించా. నిటారుగా కూర్చుంటే మెడ బదులు నడుము పైభాగం తిప్పొచ్చు. పాత అద్దాలు పాతచోటే ఉంచి, తల తిరగని వైపు మాత్రమే బార్ ఎండ్ ఒకటి అదనంగా పెట్టించా. బ్లైండ్ స్పాట్, అంటే మామూలు అద్దానికి అందని చోటు, కనపడాలని అద్దం మూలలో అంటించే గుండ్రటి చిన్న అద్దాలు కూడా వాడి చూశా. కారుకి బాగుంటాయేమో. బైక్ మీద మాత్రం అసలే చిన్న అద్దంలో కొంత భాగాన్ని అది తినేస్తుంది, అందులో లారీ పెసరగింజంత కనిపిస్తుంది, ఆ గింజ కూడా వణుకుతుంది.

చైన్‌లూబ్

మెడపట్టీ గారూ, మీ పద్ధతి బాగుంది. చూశారా హెల్మెట్‌తల గారూ, అద్దాలతోనే నడిపేవాళ్లు ఉన్నారు.

మెడపట్టీ

నన్ను సాక్ష్యానికి పిలవకండి బాబూ. తల తిరిగితే తిప్పేవాణ్నే. తిరగదు కాబట్టి ఒక్కో లేన్ మార్పుకి మీకంటే ఎక్కువసేపు ఆగుతాను. ఇండికేటర్ వేసి, అద్దం చూసి, కాసేపు లేన్‌లోనే అటువైపు అంచుకి జరిగి, మళ్లీ చూస్తా. అంచుకి జరిగితే అద్దం చూపించే కోణం మారుతుంది, దాక్కున్న బండి ఉంటే బయటపడుతుంది. లేదా హారన్ కొడుతుంది.

దూరప్రయాణి

ఇవన్నీ కంపెనీలే చేసి పెట్టే రోజులు వచ్చాయి కదా. బీఎండబ్ల్యూ 2015లోనే సీ 650 జీటీ స్కూటర్‌కి పక్క బండ్లని పసిగట్టే అల్ట్రాసోనిక్ సెన్సర్లు పెట్టింది. డుకాటి మల్టీస్ట్రాడా వీ4 కి 2020లో ముందూ వెనకా రాడార్ వచ్చింది. బ్లైండ్ స్పాట్‌లో బండి ఉంటే అద్దం దగ్గర లైటు వెలుగుతుంది.

నట్టుబోల్టు

వచ్చాయి, మన బండ్లకి రాలేదు. హెల్మెట్‌లోనే వెనక దృశ్యం చూపిస్తామని 2014లో స్కల్లీ అనే సంస్థ జనం దగ్గర 20 లక్షల డాలర్లకు పైగా పోగేసి 2016లో మూతబడింది. రాడార్ నిజంగా పనిచేసే వస్తువే, కాదనను. కానీ ఇక్కడ ప్రశ్న అడిగినాయన చేతిలో ఉన్నది స్పానర్.

బార్ ఎండ్ గురించి ఎవరూ చెప్పనివి చెబుతా. హ్యాండిల్ చివర ఉండే బరువులు అలంకారం కాదు, చేతికి తగిలే వణుకుని తగ్గించడానికి ఉంటాయి. వాటిని పీకేసి తేలికపాటి అద్దం బిగిస్తే వేళ్లు తిమ్మిరెక్కుతాయి, అద్దమూ వణుకుతుంది. బరువు ఉంచి దాని మీదే బిగించే రకం తీసుకోండి. యాక్సిలరేటర్ వైపు క్లాంపుకీ గ్రిప్పుకీ మధ్య సందు ఉండాలి. గ్రిప్పు తిప్పి వదిలితే దానంతట అదే చటుక్కున వెనక్కి రావాలి. రాకపోతే ఆ అద్దంతో రోడ్డెక్కొద్దు. హ్యాండిల్ రెండు పక్కలా పూర్తిగా తిప్పి ట్యాంకుకో మోకాలికో తగులుతుందేమో చూడండి. కిందికి వేలాడేలా బిగిస్తే చూడటానికి బాగుంటుంది, కానీ ప్రతిసారీ చూపు రోడ్డు మీంచి చాలా కిందికి దిగాలి. బండి వెడల్పు కూడా పెరుగుతుంది, ఇరుకు సందుల్లో మొదట తగిలేది అదే.

సైజు మర్చిపోకండి. అదే రెగ్యులేషన్ 81 గుండ్రటి అద్దానికి కనీసం 94 మిల్లీమీటర్ల వ్యాసం, ఏ ఆకారానికైనా 69 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం అడుగుతుంది. స్టైల్ కోసం అమ్మే బుల్లి గుండ్రటివి చాలా అంత కూడా ఉండవు. నీలం పూత ఉన్నవి రాత్రి వెనక లైట్ల మెరుపు తగ్గిస్తాయి, కానీ లైటు లేని సైకిల్‌ని కూడా మసక చేస్తాయి.

రెండుచక్రాలు

అందరికీ థాంక్స్. నట్టుబోల్టు గారు చెప్పినట్టు ఎడమ అద్దం లాక్ నట్ వదులు చేసి కాడ బయటికి తిప్పి, కూర్చుని సర్దా. ఆ పక్క మోచెయ్యి దాదాపు పోయింది. కాబట్టి బార్ ఎండ్ ప్రస్తుతానికి ఆపేస్తున్నా. గడ్డం తిప్పి చూడటం ఖాళీ రోడ్డు మీద సాధన చేస్తా, చైన్‌లూబ్ గారు ఏమీ అనుకోవద్దు. కానీ కుడి అద్దం నట్ ఎంత బలంగా తిప్పినా వదులు కావడం లేదు. తుప్పు పట్టిందంటారా? నూనె పోసి ఉంచనా?

నట్టుబోల్టు

ఆగండి, ఇంకా బలంగా తిప్పకండి! యమహానా మీది? వాటిలో చాలా మోడల్స్‌కి కుడి అద్దం మర ఉల్టాగా ఉంటుంది. ఆ అద్దానికి ముందు నుంచి దెబ్బ తగిలితే విరక్కుండా వదులై వెనక్కి తిరగడానికి అలా పెడతారు. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పండి, వదులవుతుంది. ఎప్పుడైనా వేరే అద్దం కొంటే ఆ పక్కకి ఉల్టా మర అడాప్టర్ కూడా అడగండి.

రెండుచక్రాలు

యమహానే. వచ్చేసింది.

చైన్‌లూబ్

ఏమీ అనుకోను బ్రో. సాధన చేసేటప్పుడు ముందు ఎవరూ లేకుండా చూసుకో.