ఆర్సీ (రిమోట్‌తో నడిపే) బండ్లకు లిథియం ప్యాక్ సొంతంగా కట్టుకోవడం: సెల్ ఎంపిక, వెల్డింగ్, బీఎంఎస్ గురించి అనుభవాలు తెలుపగలరు

గుట్టలబండి, హైదరాబాద్

నా వద్ద ఉన్నది 1/10 కొలత క్రాలర్. దానికి వేగంతో పని లేదు, రాళ్లమీద నెమ్మదిగా ఎక్కుతూ ఎక్కువసేపు నడిస్తే చాలు. బండితో వచ్చిన నికెల్ ప్యాక్ త్వరగా దిగిపోతున్నందున, ఆరు 18650 (18 మి.మీ. వ్యాసం, 65 మి.మీ. పొడవు ఉన్న) సెల్స్‌తో మూడు వరుసలు, వరుసకు రెండేసి చొప్పున 3ఎస్2పీ (వరుసలోని రెండు సమాంతరంగా, మూడు వరుసలు సిరీస్‌లో) ప్యాక్ కట్టాలని అనుకుంటున్నాను. సెల్స్, వాటిని కలిపే నికెల్ పట్టీ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతున్నాయి. స్పాట్ వెల్డర్ (కరెంటుతో పట్టీని సెల్‌కు చుక్కలుగా అతికించే యంత్రం) లేదు కాని సోల్డరింగ్ బాగా అలవాటు. సెల్‌పై నేరుగా సోల్డర్ చేయవచ్చా? ఎలాంటి సెల్ తీసుకోవాలి? బీఎంఎస్ (సెల్స్ వోల్టేజిని చూసి కాపాడే బోర్డు) పెట్టాలా?

పాతతరం_రేసర్

సోల్డరింగ్ అలవాటు ఉందన్నారు కాబట్టే ముందు దాని గురించి చెబుతాను. ఆరు సబ్-సీ (లావుపాటి నికెల్) సెల్స్‌ను కలిపి 7.2 వోల్టుల ప్యాక్ కట్టుకునే రోజుల్లో మేమందరం వెడల్పు మొన ఉన్న సోల్డరింగ్ ఐరన్‌తో సెల్ తలకు సెల్ అడుగును నేరుగా అతికించేవాళ్లం, నికెల్ సెల్ ఆ వేడిని చాలావరకు ఓర్చుకునేది. లిథియం సెల్ ఓర్చుకోదు. పాజిటివ్ కొనలో లోపలి ఒత్తిడి పెరిగితే కరెంటును తెంచే చిన్న పళ్లెం, వాయువు బయటికి పోయే మార్గం, ప్లాస్టిక్ సీలు ఉంటాయి, నెగటివ్ అడుగున పెట్టిన వేడి నేరుగా లోపలి పొరలకు చేరి వాటిని విడదీసే పలుచని సెపరేటర్‌ను దెబ్బతీస్తుంది. ఆ నష్టం ఆ రోజు మీటరులో కనబడదు. అందువల్ల స్పాట్ వెల్డర్ ఉన్నవారిచేత వెల్డింగ్ చేయించుకోండి, లేదా పట్టీలు ముందే వెల్డ్ చేసిన సెల్స్ కొని, సెల్‌కు దూరంగా ఉన్న పట్టీ కొసకు వైరు సోల్డర్ చేసుకోండి.

ఆంప్స్‌లెక్క

సెల్ ఎంపికలో అందరూ ముందు కెపాసిటీ చూస్తారు, నిజానికి ముందు చూడవలసింది అది నిలకడగా ఇవ్వగల కరెంటు. శాంసంగ్ 25ఆర్ వంటి సెల్ 2500 ఎంఏహెచ్ (మిల్లీ ఆంప్ అవర్ల) కెపాసిటీతో 20 ఆంప్స్ ఇస్తుంది. అలాంటివి ఆరు కలిపితే 10.8 వోల్టులు, 5000 ఎంఏహెచ్, అంటే 54 వాట్ అవర్లు, నిలకడగా 40 ఆంప్స్ వరకు వస్తాయి. క్రాలర్‌కు ఇది ధారాళంగా సరిపోతుంది. బ్రష్‌లెస్ మోటారుతో దూకించే బండికి మాత్రం ఒక్కసారిగా వంద ఆంప్స్ కూడా అవసరపడవచ్చు కాబట్టి, అలాంటివారు ఈ శ్రమ పడకుండా మంచి లైపో (లిథియం పాలిమర్) ప్యాక్ కొనుక్కోవడమే మేలని నా అభిప్రాయం. పాత లాప్‌టాప్ బ్యాటరీ విప్పి తీసిన సెల్స్‌ను టార్చిలైటుకు వాడుకోండి. అవి తక్కువ కరెంటుకు చేసినవి, పైగా ఒక్కొక్కటి ఒక్కో స్థాయిలో అరిగి ఉంటాయి.

నకిలీల విషయం: 18650 కొలతలో పేరున్న తయారీదారులు ఇస్తున్నది దాదాపు 3500 ఎంఏహెచ్ వరకే. తొడుగుపై 9900 అని అచ్చువేసిన సెల్‌ను చేతిలోకి తీసుకోవడం కూడా దండగ. అసలు సెల్ 45 గ్రాముల ప్రాంతంలో తూగుతుంది, బాగా తేలికగా ఉంటే వదిలేయండి. నాకు ఒక దుకాణంలో పేరున్న కంపెనీ తొడుగు వేసిన సెల్స్ అంటగట్టారు. అంతర్గత నిరోధం కొలిస్తే ఒకదానికొకటి పొంతనే లేదు.

నికెల్‌పట్టీ, విశాఖపట్నం

ఇంట్లో కట్టిన ప్యాక్ కాలిపోయిందంటే జనం సెల్‌ను తిడతారు. నేను విప్పి చూసిన చెడిపోయిన ప్యాకులలో ఎక్కువభాగం తప్పు ఇన్సులేషన్‌లోనే కనబడింది. సెల్‌ను నిలబెట్టి పాజిటివ్ కొనను దగ్గరగా చూడండి. మధ్యలో ఉన్న బొడిపె మాత్రమే పాజిటివ్. దాని చుట్టూ పల్చని వలయంగా ఖాళీ ఉంటుంది, ఆ వలయం దాటగానే లోపలికి మడిచిన అంచు నుంచి అడుగు వరకు డబ్బా మొత్తం నెగటివ్. బొడిపె మీదుగా వెళ్లే పట్టీకి, ఆ అంచుకు మధ్య అడ్డుగా ఉన్నది కాగితమంత పలుచని ప్లాస్టిక్ తొడుగు ఒక్కటే. బండి రాళ్లమీద అదురుతూ ఉంటే పట్టీ అంచు ఆ తొడుగును కొంచెం కొంచెంగా కోస్తుంది. కోత డబ్బాను చేరిన క్షణం ఆ సెల్ నేరుగా షార్ట్ అవుతుంది, మధ్యలో ఏ ఫ్యూజూ ఉండదు.

కాబట్టి ప్రతి పాజిటివ్ కొనకు జిగురున్న ఇన్సులేషన్ కాగితపు వలయం అతికించండి, పట్టీ మూలలను కత్తెరతో గుండ్రంగా కత్తిరించండి, వైరును సెల్ అంచు మీదుగా పోనివ్వకండి, పోక తప్పకపోతే కింద కాప్టన్ టేపు (వేడికి తట్టుకునే ఇన్సులేషన్ టేపు), దానిమీద కాగితం వేయండి. తొడుగు చిరిగిన సెల్‌కు కొత్త తొడుగు ఎక్కించిన తరువాతే పని మొదలుపెట్టండి. చేతి ఉంగరాలు, లోహపు గడియారం తీసి పక్కన పెట్టండి.

పట్టీ నిజమైన నికెలా, నికెల్ పూత ఉన్న ఇనుమా అన్నది అయస్కాంతంతో తేలదు, రెండూ అంటుకుంటాయి. చిన్న ముక్కను గీకి ఉప్పునీటిలో రాత్రంతా ఉంచితే ఇనుము తుప్పు బయటపెడుతుంది. 8 మిల్లీమీటర్ల వెడల్పు, 0.15 మందం ఉన్న నికెల్ పట్టీకి నేను 5 నుంచి 7 ఆంప్స్ మించి లెక్కవేయను, ఎక్కువ కావలసినచోట రెండు పొరలు వేస్తాను. వరుసలను కలిపేటప్పుడు ప్రతి సెల్‌కూ విడిగా ఒక పట్టీ పడేట్లు చూస్తే కరెంటు సగం సగం పంచుకుంటుంది. వెల్డింగ్ కుదిరిందో లేదో తెలియాలంటే పనికిరాని సెల్‌పై ఒక పట్టీ అతికించి పట్టకారుతో పీకండి. పట్టీ చినిగి చుక్కలు సెల్‌పైనే మిగిలిపోతే సరైన అతుకు, పట్టీ శుభ్రంగా ఊడివస్తే వెల్డరు శక్తి పెంచాలి.

పొడుగురెక్క

బీఎంఎస్ విషయంలో నాది విమానాలు ఎగరేసేవారి మాట. వోల్టేజి పడిపోగానే బీఎంఎస్ మొత్తం కరెంటును తెంచేస్తుంది, అప్పుడు మోటారుతో పాటు రిసీవరు, సర్వోలు (రెక్కల భాగాలను కదిపే చిన్న మోటార్లు) కూడా ఆగిపోయి విమానం చేతిలో ఉండదు. నేను బీఎంఎస్ పెట్టను. ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపుచేసే పరికరం)లోని తక్కువ వోల్టేజి హెచ్చరికను నమ్ముకుని, ప్రతి వరుస వోల్టేజిని విడిగా సరిచూసే జేఎస్టీ బ్యాలెన్స్ వైరుతో చార్జ్ చేస్తాను.

చెరువుపడవ, ఏలూరు

విమానానికి అది నిజమే కాని, దాన్ని అందరికీ సూత్రంగా చెప్పడం సరికాదు. నేలమీది బండి ఆగితే నడిచి వెళ్లి తెచ్చుకుంటాం. నా పడవలో కలుపు మొక్క ప్రొపెల్లరుకు చుట్టుకుని మోటారు బిగుసుకుంటే కరెంటు ఎంతైనా లాగుతుంది, ప్యాక్ పాజిటివ్ వైరులో కార్లకు వాడే బ్లేడు ఫ్యూజు పెట్టుకున్నది అందుకే. క్రాలరు చక్రం రాళ్ల మధ్య ఇరుక్కున్నా అదే పరిస్థితి. ప్యాక్‌ను బండికి కలిపే ఎక్స్‌టీ60 కనెక్టరులో ఆడ కొనను ప్యాక్ వైపు ఉంచడం, బ్యాలెన్స్ వైర్లు కత్తిరించవలసి వస్తే ఒక్కొక్కటిగానే కత్తిరించి వెంటనే టేపు చుట్టడం కూడా గుర్తుంచుకోండి.

గుట్టలబండి, హైదరాబాద్

ఫ్యూజు, బ్యాలెన్స్ కనెక్టరు రెండూ పెడతాను, బీఎంఎస్ వద్దనుకుంటున్నాను. కొత్త సెల్స్ కొన్నా కొన్ని 3.5, కొన్ని 3.7 వోల్టులు చూపిస్తున్నాయి. ఇవి కలపవచ్చా?

ఆంప్స్‌లెక్క

ఉన్నవి ఉన్నట్లే సమాంతరంగా కలపకండి. ఎత్తుపల్లాల్లో ఉన్న రెండు చెరువుల మధ్య కట్టకు గండి కొట్టినట్లు ఉంటుంది. సెల్‌కు 20 మిల్లీ ఓమ్స్ నిరోధం అనుకుంటే, 0.2 వోల్టుల తేడాకు 5 ఆంప్స్ ఒక్కసారిగా ఒకదానిలోంచి మరొకదానిలోకి పారతాయి. తేడా పెద్దదైతే ప్రమాదం అంతకంతా పెరుగుతుంది. ముందు ఒక్కొక్క సెల్‌ను విడిగా పూర్తిగా చార్జ్ చేసి, కొన్నాళ్లు పక్కన పెట్టి, తానంతట తాను వోల్టేజి దిగిన సెల్‌ను తీసివేయండి. మిగిలినవాటి నిరోధం, కెపాసిటీ దగ్గరగా ఉన్నవి జత కట్టండి. ఒక వోల్టుకు కిందికి పడిపోయి చాలాకాలం మూలన ఉన్న సెల్‌ను బతికించే ప్రయత్నం వద్దు. లోపలి రాగి కరిగి ఉంటుంది, తిరిగి చార్జ్ చేస్తే అది లోలోపలే షార్ట్‌కు దారితీయవచ్చు.

ఎండకాలం, పల్నాడు

మా ప్రాంతంలో మే నెలలో ఎండ ఎలా ఉంటుందో తెలిసిందే. సాధారణంగా ఈ సెల్స్‌ను చార్జ్ చేయడానికి 45 డిగ్రీలు పైహద్దు. బండి నడిపి తెచ్చిన వేడి ప్యాక్‌ను వెంటనే చార్జరుకు తగిలించవద్దు, నిలిపిన కారులో వదలవద్దు. చాలా హాబీ చార్జర్లలో లైఅయాన్ మోడ్ 4.1 వోల్టులకు, లైపో మోడ్ 4.2కు ఆపుతాయి. నేను 4.1 దగ్గరే ఆపుతాను, కొంత కెపాసిటీ పోయినా సెల్ ఆయువు పెరుగుతుంది. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్ వాడేవారు మాత్రం వాటి హద్దు 3.65 అని మరచిపోకూడదు, వాటిని లైపో మోడ్‌లో పెట్టడమంటే కోరి ప్రమాదం తెచ్చుకోవడమే. చార్జ్ అవుతున్నంతసేపు మనిషి దగ్గర ఉండాలి, కింద పరుపు కాదు, గచ్చు ఉండాలి. మంటలు లేస్తే పొడి చల్లే ఎక్స్‌టింగ్విషర్ మంటను ఆపినా సెల్ లోపలి వేడిని ఆపలేదు. చార్జరు ప్లగ్గు తీసివేసి, వీలైతే ధారాళంగా నీళ్లు పోసి చల్లార్చండి, ఆ పొగ మాత్రం పీల్చవద్దు.

పొడుగురెక్క

పోటీలకు వేరే ఊరు వెళ్లేవారి కోసం ఒక మాట. విమాన ప్రయాణంలో విడి లిథియం ప్యాకులు చేతి సంచిలోనే ఉండాలి. 100 వాట్ అవర్ల లోపు సాధారణంగా అనుమతిస్తారు, 100 నుంచి 160 వరకు విమాన సంస్థ ముందస్తు అనుమతి కావాలి. గుట్టలబండి గారి 54 వాట్ అవర్ల ప్యాక్‌కు ఆ చిక్కు లేదు. అయితే ఇంట్లో కట్టిన ప్యాక్‌పై ఏ ముద్రా ఉండదు కాబట్టి తనిఖీలో అభ్యంతరం చెప్పవచ్చు. నేను నా ప్యాకులు ఇంట్లోనే ఉంచి, ముద్రించిన వివరాలున్న కొనుగోలు ప్యాక్‌నే వెంట తీసుకువెళ్తాను.