పూతకొనా, పూతకొమ్మా?

వాయిదా:
బెయిల్ పిటిషన్ కోసం గంజాయి నిర్వచనానికి పాత తెలుగు వాక్యం ఒకటి నోట్లో నానుతోంది, పూర్తిగా రావడం లేదు. "పూతకొమ్మలు తోడు లేని ఆకు, గింజ మినహా..." అది కొమ్మలా, కొనలా? మత్తుమందుల చట్టం (ఎన్డీపీఎస్) సెక్షన్ 2 కిందిదే. ఎక్కడైనా చూసినవారుంటే చెప్పండి.

సీలేరుగట్టు:
కొనలే. కొమ్మ అన్నారంటే కాడ కూడా తూకంలోకి వచ్చిపడుతుంది. ఏజెన్సీ సరుకు మూటలో పూత, ఆకు, కాడ, గింజ కలిసే ఉంటాయి. మధ్యవర్తుల నివేదికలో, అంటే సరుకు పట్టుకున్నప్పటి పంచనామాలో, 22 కిలోలని రాశారనుకోండి, కాడా ఆకూ తీసేసి తూస్తే 14కి దిగొచ్చు. 20 దాటితే వాణిజ్య పరిమాణం, సెక్షన్ 37 అడ్డం: నిందితుడు నేరం చేయలేదనీ, బయటికొచ్చి మళ్లీ చేయడనీ కోర్టుకు నమ్మకం కుదిరితేనే బెయిల్. కిలో నుంచి 20 లోపైతే ఆ జంట షరతులు ఉండవు, మామూలు బెయిలే.

పాతపంచనామా:
20 లోపు కాదండీ, 20 దాకా. చట్టంలో 'మించిన' అని ఉంది. సరిగ్గా 20 కిలోలైతే వాణిజ్య పరిమాణం కాదు. అందుకే కవరు, టేపు కలిపి తూశారా, విడిగానా అన్నది మొదట చూడాలి. ఇక మీ కొన, కొమ్మ కంటే అసలు తగాదా 'తోడు' దగ్గరుంది. పూత తోడుంటే ఆకూ గంజాయే అని ప్రాసిక్యూటర్ అంటాడు. తోడంటే ఒకే మూటలో ఉండడమా, ఒకే రెమ్మకు అంటుకుని ఉండడమా? ఆకూ కాడా విడదీసి తూయలేదన్న మాట మీద బెయిల్ ఇచ్చిన ఉత్తర్వులున్నాయి, ఒప్పుకోనివీ ఉన్నాయి.

మొవ్వు:
తెలుగులో అది 'తలలు' కావాలి. పత్తికి తలలు తుంచుతారు, కొనలు తుంచరు. అనువాదకుడికి పొలం తెలియదు.

సీలేరుగట్టు:
తలలంటే చదివేవాడు నవ్వడా? కొనగోరు, కొనచూపు ఉన్న భాషకు కొన చాలు.

తూనికరాయి:
2020లో సుప్రీంకోర్టు హీరాసింగ్ తీర్పు వచ్చాక విడదీయడమేంటి? మొత్తం బరువే లెక్క.

పాతపంచనామా:
అది మత్తుమందులో కలిపిన తటస్థ పదార్థం గురించి. హెరాయిన్‌లో కలిపిన పొడి లాంటిదన్నమాట. ఇక్కడ ప్రశ్న ఆకు అసలు గంజాయేనా అని. ఆ రెండూ కలిపేస్తే పిటిషన్ మొదటి పేజీలోనే పోతుంది. సెక్షన్ 52ఏ కింద మేజిస్ట్రేటు ఎదుట నమూనాలు తీయలేదన్న ఒక్క మాట మీద ఆశ పెట్టుకోవడమూ అంతే, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు అది ఒక్కటే చాలదంది. వాణిజ్య పరిమాణంలో 180 రోజుల్లో ఛార్జిషీటు పడకపోతే, గడువు పొడిగించమని ప్రాసిక్యూటర్ నివేదిక ఇవ్వకపోతే, అప్పుడు గడువు దాటినందుకే బెయిల్ అడగొచ్చు, సెక్షన్ 37తో పని లేదు. ఆ తేదీ మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టుకోవాలి.

మొవ్వు:
జామీను మాట వచ్చింది కనుక, శ్రీనాథుడికి బొడ్డుపల్లెలో పూచీ పడ్డవాడే లేడు. 700 టంకాలు బాకీ పడి, శిక్ష అనుభవిస్తూ తన మీద తానే చెప్పుకున్నాడు, "పురవీధి నెదురెండ పొగడదండ".

సీలేరుగట్టు:
బెయిలంటూ ఉంటే ఆ పద్యమే పుట్టేది కాదు! అక్కడ పొగడదండ పూలది కాదు, మెడకు తగిలించే శిక్ష.

మొవ్వు:
శిక్షేనని తెలియనిదెవరికి? పూలదండా ధ్వనించాలనే ఆ మాట వేశాడు. లేకపోతే "కంఠంబు కౌగిలించెను" అంటాడా?

తూనికరాయి:
కౌగిలింతకు పువ్వు అక్కర్లేదు, ఇనుమైనా కౌగిలిస్తుంది. సీసం మొత్తం చదవండి. తర్వాతి పాదంలో భుజమెక్కింది నల్లగుండు, శిక్షగా మోయించే రాయి. దాంట్లో పువ్వెక్కడ?

వాయిదా:
నా వాక్యం?

పాతపంచనామా:
ముందు ఆ మధ్యవర్తుల నివేదిక నకలు తెప్పించి, సరుకు వర్ణన ఎలా రాశారో చూడండి. "పూతతో కూడిన ఎండు గంజాయి" అని ఉంటే కొన అయినా కొమ్మ అయినా మీకు కష్టమే.

మొవ్వు:
నల్లగుండు ఉన్నంత మాత్రాన శ్లేష పోదు. పాదం పాదానికీ ఒక మర్యాద, ఒక అవమానం జత చేసుకుంటూ పోయాడు.