పెన్ను పట్టు కొలిచే ప్రాజెక్టు: ట్యాబ్లెట్ ప్రెషర్ ఉంటే చాలదా?

పానగల్లు_ఈసీఈ:
అందరికి నమస్తే. మాది నల్లగొండ, బీటెక్ ఈసీఈ ఫైనలియర్. మనిషి రాసేటప్పుడు చెయ్యి ఎట్ల కదులుతుంది, పెన్నును ఎంత గట్టిగ పట్టుకుంటుండు అని కొలిచి, చేతి మీద కంట్రోల్ ఎట్లుందో చూసుడు మా ప్రాజెక్టు. గ్రాఫిక్ ట్యాబ్లెట్ ఉంది, పెన్నుకు మూడు ఎఫ్ఎస్ఆర్ (ఎంత నొక్కితె అంత రీడింగ్ ఇచ్చే పలచటి) సెన్సర్లు చుట్టి ఆర్డుయినో బోర్డుకు కలిపిన. ట్యాబ్లెట్ ఎట్లాగు ప్రెషర్ ఇస్తనే ఉంది గద మళ్ల గ్రిప్ సెన్సర్ దేనికి అని గైడ్ సార్ అడుగుతుండు, ఏం చెప్పాల్నో తెలుస్తలేదు. ఇంకోటి, పెన్ను టేబుల్ మీద ఊకె పెట్టినా, ఎవ్వరు ముట్టకున్నా రీడింగ్ చూపిస్తుంది, సున్నాకు వస్తనే లేదు. అట్లనే తెలుగుల ఏం రాయిపిస్తె మంచిగుంటది? నెట్‌ల చూసినయన్ని ఇంగ్లీషు ఎల్ అక్షరం సుట్టలే.

సోల్డరింగ్_అన్న:
సెన్సర్ ఖరాబు కాలేదు తమ్మీ. ఎఫ్ఎస్ఆర్ చదునుగ ఉన్నకాడ అతికిచ్చేటిది, దాన్ని సన్నటి గుండ్రటి పెన్నుకు చుడితె ఆ వంపుకే లోపలి పొరలు ఒకదానికొకటి తగులుతయి, నీకు కనబడేది ఆ రీడింగే. చిన్నపిల్లలకు మూడు పలకల పెన్సిల్ అమ్ముతరు సూడు, ఆ ఆకారంల బాడీ చేసి ఒక్కో పలకకు ఒక్కోటి అతికియ్యి, బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు సరిగ్గ వాటి మీదికే వస్తయి. ఎఫ్ఎస్ఆర్ మీద ఒకే బరువు ఉంచినా రీడింగ్ మెల్లగ జరుగుతనే ఉంటది, న్యూటన్లల పక్కా లెక్క కావాల్నంటె చిన్న లోడ్ సెల్ (తూకం మిషన్ల ఉండే బరువు సెన్సర్) మేలు. కాకపోతె దాని సిగ్నల్‌ను అంకెలు చేసే హెచ్ఎక్స్711 బోర్డు కొనేటప్పుడు జర చూసుకో, మామూలుగ అది సెకనుకు 10 రీడింగులే ఇస్తది, రేట్ పిన్ను మార్చి కలిపితె 80. చెయ్యి వణుకుడు సెకనుకు 4 నుంచి 12 సార్ల దాక ఉంటది, 10 రీడింగులతోని దాన్ని ఏం పడ్తవ్? క్యాలిబ్రేషన్‌కు తూకం రాళ్లు చాలు, 100 గ్రాములంటె దాదాపు 0.98 న్యూటన్లు. ట్యాబ్లెట్ ప్రెషర్‌కు కూడ ఇదే చెయ్యి, అది ఇచ్చే 8192 లెవెల్స్ ఉత్త అంకెలే, న్యూటన్లు కావు.

పాలమూరు_ఫిజియో:
ట్యాబ్లెట్ చెప్పేది పెన్ను మొన కాగితాన్ని ఎంత నొక్కుతుందో. గ్రిప్ అంటే వేళ్లు పెన్నును ఎంత పిసుకుతున్నయో. మొన గాల్లకు లేవంగనే ట్యాబ్లెట్ ప్రెషర్ సున్నా అయితది, వేళ్లు అప్పుడన్న పట్టు వదులు చేసినయా లేకపోతె అట్లనే బిగబట్టినయా అన్నది గ్రిప్ సెన్సర్ ఒక్కటే చెప్తది. రైటర్స్ క్రాంప్ ఉన్నోళ్లను చూడుండ్రి, చాలమందికి పెన్ను పట్టంగనే వేళ్లు బిగుసుకుంటయి. డైనమోమీటర్ (పిడికిలి బలం కొలిచేటిది) పిసికిపిస్తె సరిపోతది గద అని సార్ అంటరేమో, అది గరిష్ఠంగ ఎంత బలముందో చెప్తది, రాసేటప్పుడు ఎంత వాడుతున్నరో చెప్పది.

ఇగ కదలిక సంగతి, అక్షరం అందం జోలికి పోకుండ్రి, స్పీడు గ్రాఫ్ చూడుండ్రి. అలవాటైన చేతిల ఒక్కో గీతకు స్పీడు ఒక్కసారి ఎక్కి ఒక్కసారి దిగుతది, కంట్రోల్ తగ్గిన చేతిల అదే గీతకు మిట్టలు మిట్టలుగ వస్తది. పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బుల అక్షరాలు చిన్నగైతయి, మైక్రోగ్రాఫియా అంటరు, కాని సైజు మంచిగనే ఉండి స్పీడు పడిపోయినోళ్లు కూడ ఉంటరు. తెలుగుల అయితె 'లలల' రాయిపియ్యుండ్రి, పెన్ను లేపకుండ సుట్ట వస్తది. తర్వాత 'పపప'. ప తలకట్టు అతుక్కోదు గద, ప్రతి అక్షరానికి పెన్ను లేపాల్సిందే. చాల ట్యాబ్లెట్లు మొన దాదాపు 1 సెంటీమీటరు పైకి లేచినా జాడ పడ్తయి, గాల్ల ఎంత సేపు ఆగుతున్నరో దొరుకుతది. గ్లాసులెక్క జారే ట్యాబ్లెట్ మీద వద్దు, పైన కాగితం పెట్టి ఇంకు పడే పెన్నుతోని రాయిపియ్యుండ్రి.

మునుగోడు_మాస్టర్:
సర్క్యూట్లు నాకు తెల్వయి గాని ఒక మాట. మర్రిగూడ, నాంపల్లి, చండూరు దిక్కు పెద్దమనుషుల మీద టెస్ట్ చేస్తె జర పైలం. ఇప్పుడు భగీరథ నీళ్లొస్తున్నయి గాని, ఏండ్లకేండ్లు ఫ్లోరైడ్ బోరునీళ్లు తాగినోళ్లకు మెడ, మోచేతులు బిగుసుకపోయి ఉంటయి. ఆయన మెల్లగ రాస్తుండంటె కీలు తిరగక అయ్యుండొచ్చు, నీ గ్రాఫ్ మాత్రం కంట్రోల్ లేదని చూపిస్తది. సంతకం తప్ప ఏం రాయనోళ్లు కూడ ఉంటరు, వాళ్లకు అక్షరాలు పెట్టి స్పీడు తక్కువుందంటె అన్యాయం.

పాలమూరు_ఫిజియో:
మాస్టర్ మంచి మాట చెప్పిండ్రు. ముందుగాల మోచెయ్యి, మణికట్టు ఎంతదాక తిరుగుతున్నయో రాసుకోండ్రి. అక్షరాలు రానోళ్లకు ఆర్కిమిడీస్ స్పైరల్ (నడిమిల నుంచి బయటికి సుట్టు సుట్టుగ పోయే గీత) గీపియ్యుండ్రి, న్యూరాలజీ డాక్టర్లు వాడేది కూడ అదే. ఇంకోటి, పత్తి ఏరే చేతులు ఎండిపోయి ఉంటయి, పెన్ను జారుతుందంటె ఎవరైనా గట్టిగనే పడ్తరు. జారుడును బట్టి వేళ్లు పట్టు మారుస్తయని స్వీడన్‌ల జోహాన్సన్, వెస్ట్‌లింగ్ 1984లనే చూపిచ్చిండ్రు. అందరికి ఒకే రబ్బరు గ్రిప్ వేస్తె కొంత నయం.

పానగల్లు_ఈసీఈ:
సూపర్ సార్, సగం థీసిస్ అయిపోయినట్టే. స్పీడు గ్రాఫ్ బాగ గరుకుగ వస్తుంది, 5 హెర్ట్జ్ లోపాస్ ఫిల్టర్ (సెకనుకు 5 సార్ల కన్న జల్ది ఊగేటివి కోసేటిది) పెడితె నున్నగ అయితుంది, ఉంచుమంటరా?

సోల్డరింగ్_అన్న:
వద్దు. పొజిషన్ నుంచి స్పీడు తీసినప్పుడల్ల నాయిస్ పెరుగుతది, అది మామూలే, కాని 5 దగ్గర కోస్తె వణుకుడు చాలమట్టుకు పోతది. ముడి డేటా ముట్టకు. స్పీడు మిట్టలు లెక్కపెట్టేదానికి ఒక ఫిల్టర్ కాపీ, వణుకుకు 20 హెర్ట్జ్ దాక వదిలిన ఇంకో కాపీ పెట్టుకో, ఏ గ్రాఫ్‌కు ఏ ఫిల్టరో కింద రాయి, వైవాల ముందుగాల అడిగేది అదే.