ఎనిమిదో తరగతి పిల్లాడికి ఎలక్ట్రిక్ సైకిల్ కొనొచ్చా?

నిజాంపేట అమ్మ: మావాడికి పదమూడేళ్లు. స్కూలు మూడు కిలోమీటర్లు. మామూలు సైకిల్ ఉంది, ఎలక్ట్రిక్‌ది కొనమని ఒకటే గోల. కొనొచ్చా?

పాత హెర్క్యులస్: వద్దమ్మా. థ్రాటిల్, అంటే చేత్తో తిప్పితే బండిని నడిపించే పిడి, ఉన్నది సైకిల్ కాదు, బండి. తొక్కేవాడు అలిసిపోతే నెమ్మదిస్తాడు. చెయ్యి తిప్పేవాడికి అలుపేముంది?

బ్యాటరీ బాబు: రూల్ చూడండి అంకుల్. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలు దాటకపోతే అది మోటారు వాహనమే కాదు. లైసెన్సు అక్కర్లేదు.

గల్లీ గణపతి: 250 ‘లోపు’ అంటే 250 కలుస్తుందా?

పాత హెర్క్యులస్: ఆ 25 ఎన్నాళ్లుంటుంది? మా పక్కింటి కుర్రాడు వేగానికి కళ్లెం వేసే వైరు పీకించాడు, ఇప్పుడు నలభై కొడుతున్నాడు. అప్పుడది మోటారు వాహనమే. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 199ఏ సెక్షన్ చదివావా? పిల్లాడు పట్టుబడితే కన్నవాళ్లకు 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు. వాడికి 25 ఏళ్లొచ్చేదాకా లైసెన్సు ఉండదు.

బ్యాటరీ బాబు: నాకు మామూలు సైకిల్ మీదే చెయ్యి విరిగింది. మియాపూర్‌లో డ్రైనేజీ జాలీలో ముందు చక్రం ఇరుక్కుంది. మోటారు ఎక్కడుంది అందులో?

ఓఆర్‌ఆర్ రైడర్: నానక్‌రామ్‌గూడ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ ఉందిగా, హాయిగా తొక్కించండి.

నిజాంపేట అమ్మ: మావాడి స్కూలు నానక్‌రామ్‌గూడలో లేదండీ.

పాత హెర్క్యులస్: అసలు పిల్లాణ్ణి బడికి దింపే తీరిక కూడా లేదా? ఈ కాలం తల్లులకు ఆఫీసులే లోకం.

నిజాంపేట అమ్మ: ఇదన్నమాట మీ కడుపులో ఉన్నది! ఏడింటికి నా క్యాబ్ వచ్చేస్తుంది. వాళ్ల నాన్న ఎందుకు దింపడని ఒక్కరూ అడగలేదేం? ఇప్పుడు వెళ్తున్నది ఆటోలో. పన్నెండు మంది పిల్లలు, మావాడు డ్రైవరు పక్కన సగం సీటు మీద, ఒక కాలు బయట. అది చూడలేకే సైకిల్ గురించి అడిగాను. మీరు థ్రాటిల్ పట్టుకుని వదలరు.

గల్లీ గణపతి: నా లోపు సంగతి ఎవరూ తేల్చలేదు.

పాత హెర్క్యులస్: ఆటో సంగతి ముందే చెప్పాల్సిందమ్మా. తల్లుల మాట వెనక్కి తీసుకుంటున్నా. థ్రాటిల్ మాట తీసుకోను. కొంటే ఆ థ్రాటిల్ వైరు పీకించి, తొక్కితేనే మోటారు తిరిగేలా పెట్టించు.

బ్యాటరీ బాబు: వైరు పీకించడం తప్పన్నది మీరేగా అంకుల్?