అమెరికా కాలేజీ ఎస్సేలో పిల్లలు తమ గుర్తింపు గురించి రాయాలా, వద్దా?

సుధారాణి:
ఈ ఏడాది సీనియర్లున్న (హైస్కూల్ చివరి ఏడాది, పన్నెండో తరగతి పిల్లలున్న) ఇళ్ళలో ఇదే వాదన నడుస్తోంది. నేపథ్యం, గుర్తింపు, ఆసక్తి, ప్రతిభ... వీటిలో ఏది చెప్పకపోతే నీ అప్లికేషన్ అసంపూర్తిగా ఉంటుందనుకుంటావో అది రాయమని కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకి ఒకేచోట అప్లై చేసే ఆన్‌లైన్ ఫారంలో) మొదటి ప్రశ్నే అడుగుతోంది. కొందరు కన్సల్టెంట్లేమో ఇండియన్ అన్న వాసనే తగలనివ్వద్దంటున్నారు. ఇంకొందరు అది దాస్తే ఎస్సేలో మిగిలేదేముంది అంటున్నారు. అసలు అడ్మిషన్లలో జాతిని చూసి మొగ్గు చూపొద్దన్న 2023 సుప్రీం కోర్టు తీర్పు తర్వాత జాతి గురించి రాయొచ్చా? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

వెంకట్ ఎం:
మెయిన్ ఎస్సేలో వద్దనే అంటాను. తీర్పుకి భయపడి కాదు, చోటు చాలక. 650 మాటలకి ఒక్కటి ఎక్కువైనా తీసుకోదు. పైగా కామన్ యాప్‌లో అప్లై చేసే కాలేజీల్లో ఎక్కువవాటికి ఆ ఒక్క ఎస్సేనే వెళ్తుంది.

గుర్తింపు అనగానే మన పిల్లలు రాసేవి నాలుగైదే. లంచ్ బాక్స్ తెరిస్తే పక్కవాళ్ళు ముక్కు మూసుకోవడం, టీచర్ పేరు తప్పు పలకడం, కూచిపూడి అరంగేట్రం, సెలవుల్లో తాతగారి ఊరు. అందులో బాధ అబద్ధమని నేననను. కానీ పైన పేరు మార్చి పక్కింటి పిల్లాడి పేరు పెట్టినా ఆ ఎస్సే అతికినట్టు సరిపోతుంది. చాలా కాలేజీల్లో ఒక ప్రాంతం అప్లికేషన్లన్నీ ఒకే ఆఫీసర్ చదువుతారు, అంటే ఒక స్కూలు పిల్లలవన్నీ ఒకరి చేతికే వెళ్తాయి. అక్కడ మూడో లంచ్ బాక్స్ వచ్చిందంటే ఇక ఆ పిల్లాడి ముఖం గుర్తుండదు.

ఇంకోటి, ఇండియన్ అని వేరే చెప్పాల్సిన పనే లేదు. ఇంటిపేరు, తల్లిదండ్రుల చదువు, ఉద్యోగం, ఇంట్లో మాట్లాడే భాష అన్నీ ఫారంలోనే ఉంటాయి. ఉన్నదాన్ని మళ్ళీ చెప్పడానికి 650 మాటలు పోయడం దండగ.

పద్మజ కె:
వెంకట్ గారూ, ఎస్సేలు ఒకదానికొకటి నకళ్ళలా ఉంటున్నాయన్నది నిజమే. దానికి మందు మాత్రం మానేయడం కాదు.

ముందు చట్టం సంగతి. 2023 జూన్ 29న హార్వర్డ్, నార్త్ కరోలినా కేసుల్లో సుప్రీం కోర్టు, జాతిని చూసి మొగ్గు చూపించే పద్ధతిని కొట్టేసింది. అదే తీర్పులో ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ ఇంకో మాట కూడా రాశారు: జాతి తన జీవితాన్ని ఎలా తాకిందో విద్యార్థి చెప్పుకుంటే కాలేజీ దాన్ని పరిగణించొచ్చు. షరతేమిటంటే, అది ఆ విద్యార్థి గుణానికో, కాలేజీకి తాను తేగలిగిన సామర్థ్యానికో ముడిపడి ఉండాలి. ఎస్సే పేరుతో పాత పద్ధతిని దొడ్డిదారిన తేకూడదని కాలేజీలని హెచ్చరించారు కూడా. కట్టడి కాలేజీలకి, పిల్లలకి కాదు. జాతి గడిలో టిక్కు పెట్టినా, కాలేజీ వద్దనుకుంటే కామన్ యాప్ ఆ సమాచారాన్ని వాళ్ళకి చూపించదు. ఎస్సేలో రాసింది మాత్రం చూపిస్తుంది.

ఇప్పుడు రాత సంగతి. "నేను రెండు సంస్కృతుల మధ్య పెరిగాను" అన్న వాక్యం ఎవరైనా రాయొచ్చు. దానికి బదులు ఇలాంటిది ఊహించండి. అమ్మమ్మతో డాక్టర్ దగ్గరికి తోడు వెళ్ళిన పిల్ల. ఆవిడ "గాభరాగా ఉందమ్మా" అంది. ఈ పిల్ల దాన్ని ఇంగ్లీషులో ఏమని చెప్పాలి? గుండె దడా, దిగులా, ఊపిరాడకపోవడమా? ఏ మాట పలికితే డాక్టర్ ఆ పరీక్షకే పంపుతాడు. అందుకని తొందరపడలేదు. ఎక్కడ, ఎప్పుడు, నడిస్తేనా పడుకుంటేనా అని ముందు అమ్మమ్మనే అడిగింది. తర్వాత "ఈ మాటకి ఇంగ్లీషులో ఒక్క మాట లేదు" అని డాక్టర్‌కి చెప్పి మూడు అర్థాలూ ఆయన ముందు పెట్టింది. ఇంటికొచ్చాక "నీరసం", "ఆయాసం", "తిమ్మిరి", "కళ్ళు తిరగడం" అంటూ అలాంటి మాటలకో పట్టిక రాసుకుంది.

ఇందులో "గుర్తింపు" అన్న మాటే లేదు. కానీ ఆ పిల్ల తెలుగుది కాకపోతే ఈ ఎస్సే లేదు. జాగ్రత్త, ఓపిక, తెలియనిది తెలియదని ఒప్పుకునే నిజాయితీ... కాలేజీ వెతికేవి ఇవే, అన్నీ చేసిన పనిలోనే కనిపిస్తున్నాయి.

వెంకట్ ఎం:
డాక్టర్ గదిలో మీ అమ్మమ్మ కథ బాగుంది, ఒప్పుకుంటున్నాను. అలాగైతే ఒక పరీక్ష పెడతాను. డ్రాఫ్ట్‌లో తెలుగు, ఇండియన్, సంస్కృతి, వలస అన్న మాటలన్నీ కొట్టేసి చదవండి. ఇంకా ఒక మనిషి కనిపిస్తే ఉంచండి. గాలి తీసిన బెలూన్ అయిపోతే పారేయండి. రెండో పరీక్ష లెక్క: విద్యార్థి "చేసిన" దాని గురించి ఎన్ని మాటలు, తనకి "జరిగిన" దాని గురించి ఎన్ని? జరిగినది 200 దాటితే అక్కడినుంచి కోయడం మొదలుపెట్టాలి.

సప్లిమెంట్ల (మెయిన్ ఎస్సే కాక ఒక్కో కాలేజీ విడిగా అడిగే చిన్న ఎస్సేల) ప్రశ్నలు ఈ ఏడాదివే చూసుకోండి. 2023 తర్వాత చాలా కాలేజీలు జీవితానుభవం మీద కొత్త ప్రశ్నలు పెట్టాయి. 2025 జూలైలో ఫెడరల్ న్యాయశాఖ, అడ్డంకులు దాటిన కథలు రాయించుకుని వాటిని జాతికి ముసుగుగా వాడటం చట్టవిరుద్ధం కావొచ్చని నిధులు తీసుకునే సంస్థలకి మార్గదర్శకాలిచ్చింది. కాబట్టి ప్రశ్నల మాటలు మారుతూనే ఉంటాయి. అక్క రాసిన సప్లిమెంట్ చెల్లికి పనికిరాదు.

రమణమూర్తి:
మీరిద్దరూ జాతి, భాష దగ్గరే ఆగారు. గుర్తింపు అంటే లైంగికత, జెండర్, మానసిక ఆరోగ్యం, వీసా స్థితి కూడా. వీటిలో అసలు ప్రశ్న "ఎస్సే బాగుంటుందా" కాదు, "ఎవరెవరు చదువుతారు" అన్నది. కాలేజీ ఒక్కటే చదువుతుందనుకోవద్దు. స్కూల్లో ఎస్సేని క్లాసు అసైన్‌మెంటుగా ఇస్తారు, టీచర్ దిద్దుతుంది, కౌన్సెలర్ అడుగుతారు, కామన్ యాప్ పాస్‌వర్డ్ చాలా ఇళ్ళలో అమ్మానాన్నలకి తెలుసు. గూగుల్ డాక్‌లో ఎడిట్ చేసే అనుమతి ఇస్తే, కొట్టేసిన వాక్యాలు కూడా వెర్షన్ హిస్టరీలో కనిపిస్తాయి. ఇంట్లో ఇంకా చెప్పని సంగతి రాయాలనుకున్న పిల్లలు పాత డాక్‌ని పంచకూడదు. కొత్త డాక్ తెరిచి చివరి ప్రతి మాత్రమే అందులో పెట్టాలి. ఇంట్లో తెలిస్తే చదువు ఫీజో, తలదాచుకునే చోటో పోతుందన్న భయం ఉంటే ఆ ఏడాదికి రాయకపోవడమే మంచిది. ఏ సీటూ అంత విలువైంది కాదు.

విద్యార్థుల రికార్డులని గోప్యంగా ఉంచే ఫెడరల్ చట్టం ఫెర్పా ఉంది కదా అంటారు. 1974 నాటి ఆ చట్టం కాలేజీలో చేరి చదువుతున్న విద్యార్థుల రికార్డులకి వర్తిస్తుంది. అప్లై చేసి చేరని కాలేజీలో మీ ఎస్సేకి ఆ రక్షణ లేదు. అందుకే ఒక గీత గట్టిగా గీసుకోండి: ఇమిగ్రేషన్ కాగితాలు లేని అమ్మానాన్నల సంగతి, అన్న అనారోగ్యం లాంటి ఇంకొకరి రహస్యం వాళ్ళని అడక్కుండా రాయకూడదు.

హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల మీద ఆధారపడినవాళ్ళకిచ్చే వీసా) పిల్లల విషయం వేరు. 21 నిండితే ఆ స్థితి పోతుంది, కొన్ని కాలేజీల్లో ఎయిడ్ (ఫీజుకి ఆర్థిక సాయం) విషయంలో విదేశీ విద్యార్థులుగానే లెక్కేస్తారు. దాన్ని మెయిన్ ఎస్సేలో కథ చెయ్యక్కర్లేదు. కామన్ యాప్‌లో పరిస్థితుల గురించి 250 మాటల పెట్టె ఒకటి ఉంది. ఏ ఏడాది వచ్చారు, స్థితి ఏమిటి, దానివల్ల ఏ ఇంటర్న్‌షిప్ వదులుకోవాల్సి వచ్చింది... అయిదారు పొడి వాక్యాలు చాలు.

అనూష:
ఎవరూ ఎత్తని మాట ఒకటుంది. కులం. బ్రాండైస్ యూనివర్సిటీ 2019లో, బ్రౌన్ యూనివర్సిటీ 2022లో తమ వివక్ష నిషేధ నియమాల్లో కులాన్ని చేర్చాయి. అంటే చదివేవాళ్ళలో కొందరికైనా ఆ మాట తెలుసు, అందరికీ తెలుసనుకోవడం మాత్రం పొరపాటు. దళిత విద్యార్థి రాస్తే కులమంటే ఏమిటో చెప్పడానికే వంద మాటలు మింగేస్తుంది. చరిత్ర పాఠం మానేసి ఒక్క ఘటనలో చూపించాలి. పార్టీలో "మీ ఇంటిపేరేమిటి, మీదే ఊరు" అని అడిగిన పెద్దాయన ఎందుకడిగాడో ఒక్క వాక్యంలో చెప్తే చదివేవాళ్ళకి అర్థమైపోతుంది. రమణమూర్తి గారు చెప్పిన జాగ్రత్త ఇక్కడ రెట్టింపు, ఆ డాక్ తిరిగే వాట్సాప్ గ్రూపుల్లోనే ఆ పెద్దాయనా ఉంటాడు. అయినా అది తన జీవితం. రాస్తానంటే ఆపొద్దు.

పై కులాల పిల్లలు "కులం చూసి కలత చెందాను" అని రాయడం మాత్రం నాకు నచ్చదు. పక్కవాడి గాయం తన ఎదుగుదలకి మెట్టవుతుంది అక్కడ.

సుధారాణి:
అందరికీ థాంక్సండీ. యూసీలకి (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లకి) కూడా ఇదే ఎస్సే సరిపోతుందా?

పద్మజ కె:
సరిపోదండీ. యూసీ అప్లికేషనే వేరు. ఎనిమిది ప్రశ్నల్లో నాలుగు ఎంచుకోవాలి, ఒక్కోదానికి 350 మాటలు. కాలిఫోర్నియాలో ఓటర్లు ఆమోదించిన 1996 నాటి చట్టం, ప్రతిపాదన 209 వల్ల అక్కడ జాతిని చూడటం ఎప్పుడో ఆగిపోయింది. అయినా పిల్లలు రాస్తూనే ఉన్నారు, ఇబ్బందేమీ లేదు. అలంకారం అక్కర్లేదు, ఇంటర్వ్యూలో అడిగినదానికి జవాబు చెప్పినట్టు రాయాలి. పైన చెప్పిన ఎస్సేనే అయితే అమ్మమ్మ పరిచయం రెండు వాక్యాలకి కుదించి, డాక్టర్ గదికి 120 మాటలు ఉంచి, మిగతా చోటంతా ఆ పట్టికకి ఇస్తాను: అందులో ఎన్ని మాటలు చేరాయి, ఎవరెవరు వాడారు, ఏ మాటకి అర్థం తప్పు రాసి దిద్దుకోవాల్సి వచ్చింది.